గడియారము ఎవరి చేతిలో నుండవలెను?

గత సంవత్సరము మా భౌతికశాస్త్ర విద్యార్థులు కొందరు ఒక ప్రయోగ నివేదికను తెచ్చి, అందలి తెలుగును దిద్దిపెట్టుమని కోరిరి. ట్రాన్స్‌ఫార్మరుతో 6 వోల్టులకు తగ్గించిన కరెంటు తరంగమును కంప్యూటరున నమోదు చేసిన ప్రయోగమది. మన దేశమున ఆ తరంగము సెకనుకు 50 మారులు ఊగును. వారి పటమున 14 మాత్రమే కనబడినవి. తీగెలు మార్చి చూచిరి. తుదకు విసిగి 50 అనియే వ్రాసిరి. భాషకంటె ముందు ఆ 14 సంగతి తేల్చవలెనని మాకు తోచినది.

దోషము తీగెలది కాదు. వారి ప్రోగ్రాము ఒక్కొక్క నమూనా తీసి 1 మిల్లీసెకను ఆగుచున్నదని వారు తలచిరి. కాని విండోస్‌లోని గడియారము, మార్చుమని ఏ ప్రోగ్రామును కోరనిచో, సెకనుకు 64 మారులే కొట్టుకొనును. అనగా దెబ్బకు దెబ్బకు నడుమ సుమారు 15.6 మిల్లీసెకన్లు. వేయి నమూనాలు వచ్చుననుకొన్నచోట 64 వచ్చినవి. తరంగమును సరిగా పట్టుటకు దాని వేగమునకు రెండింతలను మించి, ఇచ్చట 100కు పైగా, నమూనాలు కావలెను. 64తో చూచినచో 50 ఊపుల తరంగము, ఆ రెంటి తేడాయైన 14గా వేషము మార్చుకొని కనబడును.

గడియారమును 1 మిల్లీసెకనుకు బిగింపవచ్చును. అయినను హామీ లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ కళాశాల బంట్రోతు వంటిది. గంట కొట్టు వేళకే ప్రిన్సిపాలుగారు ఫైలు తెమ్మన్నచో గంట ఆలస్యమగును, వాని తప్పేమి? ఈ తరంగము సున్నను దాటుచోట నమూనా 1 మిల్లీసెకను ఆలస్యమైనచో, గరిష్ఠ విలువలో సుమారు 31 శాతము తేడా వచ్చును.

కనుక కాలగణనను ప్రోగ్రామునకు అప్పగింపరాదు. సౌండ్ కార్డునకు తన స్ఫటిక గడియారము కలదు. అది సెకనుకు 44,100 లేక 48,000 నమూనాలను తానే తీసి బఫరున పేర్చును. బఫరు పొర్లనంతవరకు, ప్రోగ్రాము ఆలస్యముగా వచ్చి తీసికొన్నను నమూనాల నడుమ ఎడము చెడదు. అయితే 6 వోల్టులను నేరుగా దానికి కలుపరాదు. రెసిస్టర్లతో 1 వోల్టునకు లోపుగా తగ్గింపవలెను. ఉష్ణోగ్రతవలె మెల్లగా మారు సిగ్నల్‌కు సాధారణముగా అది పనికిరాదు. అట్టిచోట మైక్రోకంట్రోలరు బోర్డు నమూనాలు తీసి పంపవలెను. కొలిచిన వెంటనే మోటారును నడుపవలసిన పనులకు రియల్ టైమ్ లినక్స్ ఉన్నది. ఆ ఏర్పాటు 2024లో 6.12వ కెర్నెల్‌తో ప్రధాన లినక్స్‌లో చేరినది.

నివేదికలో 50ని కొట్టివేయించి, 14ను, దాని కారణమును వ్రాయించితిమి. ప్రయోగశాలకు అట్టి బోర్డులు రెండు కొనవలసినదిగా కళాశాల కమిటీవారికి మనవి చేయుచున్నాము.