బిగుసుకున్న స్టీరింగు – కారణం వెదికే పద్ధతి

పాఠ్యపుస్తకాల్లో స్టీరింగు అధ్యాయం ఎంతో పద్ధతిగా ఉంటుంది. బొమ్మలో ప్రతి భాగమూ కొత్తదే, ప్రతిదీ సరైన కొలతలోనే ఉంటుంది. రోడ్డు మీద బండి అలా ఉండదు. పైగా ఇంటి దగ్గర ఒకే రోజున మూడు నాలుగు భాగాలు విప్పి బిగించాక స్టీరింగు గట్టిపడితే, లోపం ఎక్కడున్నదో ఏ బొమ్మా చెప్పదు. అటువంటప్పుడు ఏ వరుసలో ఆలోచించాలో మా బాబాయిగారి పికప్ బండిని ఉదాహరణగా తీసుకొని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా కొంచెం నేపథ్యం. కార్లకు హైడ్రాలిక్ పవర్ స్టీరింగును 1920ల్లో రూపొందించినవాడు అమెరికన్ ఇంజనీరు ఫ్రాన్సిస్ డేవిస్. అది అమ్మకపు కార్లలోకి వచ్చింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో. సూత్రం తేలికే. స్టీరింగు తిప్పినప్పుడు లోపలి సన్నని టార్షన్ బార్ రవ్వంత మెలితిరిగి వాల్వును తెరుస్తుంది. పంపు నుంచి వచ్చే ఆయిలు ఆ దారిన పోయి పిస్టనును నెడుతుంది. పంపు పూర్తిగా చెడిపోయినా స్టీరింగుకూ చక్రాలకూ మధ్య యాంత్రికమైన లంకె తెగదు. మన చేతి శ్రమ మాత్రం పెరుగుతుంది. కనుక “స్టీరింగు గట్టిగా ఉంది” అన్న ఒక్క మాటలో రెండు వేరువేరు జబ్బులు దాగి ఉంటాయి. సహాయం తగ్గిందా? లేక రాపిడి పెరిగిందా? ఈ రెంటినీ విడదీయడమే రోగనిర్ణయంలో మొదటి మెట్టు.

ఇక మన ఉదాహరణ. బాబాయి చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు తోలుతారు. బండి పాతది. స్టీరింగు బాక్సు రీసర్క్యులేటింగ్ బాల్ రకం, దానికి హైడ్రాలిక్ సహాయం. స్టీరింగులో ప్లే ఎక్కువైందని వారి అబ్బాయి, అంటే మా తమ్ముడు, ఇంటి దగ్గరే పని పెట్టుకున్నాడు. రెండువైపులా కింది బాల్ జాయింట్లూ టై రాడ్ ఎండ్లూ మార్చాడు. పవర్ స్టీరింగ్ ఆయిలు మార్చాడు. పనిలో పనిగా బాక్సు మీది అడ్జస్టింగ్ స్క్రూను కూడా బిగించాడు. ప్లే పోయింది గాని స్టీరింగు బిగుసుకుంది.

“తిప్పితే తిరుగుతుందిరా. మలుపు దాటాక దానంతటది వెనక్కి రాదు. నేనే లాగాలి” అన్నారు బాబాయి. ఒక షెడ్డులో చూపిస్తే పంపూ బాక్సూ రెండూ మార్చాలన్నారట. మంచి సీజను. బండి ఆగితే కిరాయి ఉండదు. ఆగకుండా రాత్రిపూట లోడుతో అలాగే నడిపితే, మలుపులో స్టీరింగు వెనక్కి రాక ఎదుటి బండి మీదికి పోయే ప్రమాదం.

బాబాయి మాటలోనే సగం జవాబు ఉంది. పంపు బలహీనపడితే బండి నిలిచి ఉన్నప్పుడు తిప్పడం కష్టమవుతుంది గాని, నడుస్తుండగా చక్రాలు కాస్టర్ కోణం వల్ల చాలావరకు వాటంతటవే తిన్నబడతాయి. తిన్నబడడం లేదంటే ఎక్కడో ఏదో పట్టేస్తూ ఉండాలి, లేదా కాస్టర్ తగ్గి ఉండాలి. మేము పై చేతులనూ వాటి షిమ్ములనూ ముట్టుకోలేదు కనుక రాపిడి మీదే అనుమానం పెట్టుకున్నాం.

అయినా ఖర్చులేని పరీక్షలు ముందు చేయాలి. టైర్లలో గాలి, బెల్టు బిగువు, ఆయిలు మట్టం చూశాం. ఆయిలులో నురగ ఉంటే గాలి చేరినట్టు. ఇక్కడ నురగ లేదు. ఇంజను స్టార్ట్ చేయగానే స్టీరింగు స్పష్టంగా తేలికపడింది. అంటే పంపు పనిచేస్తున్నదన్నమాట. (ఈ పరీక్షలో స్టీరింగును చివరంటా తిప్పి అయిదు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, ఆయిలు వేడెక్కిపోతుంది.)

తరువాత ఇంజను ఆపి, ముందు చక్రాలు రెండూ పైకి లేపి స్టాండ్ల మీద నిలిపాం. ఒక్క జాకీని నమ్ముకొని బండి కిందికి దూరరాదు. చక్రాలు గాలిలో ఉన్నా స్టీరింగు గట్టిగానే ఉంది. కనుక టైరుకూ రోడ్డుకూ సంబంధం లేదు. టై రాడ్ ఎండ్లను నకిళ్ల నుంచి విడదీసి ఒక్కొక్క చక్రాన్నీ చేత్తో తిప్పి చూశాం. రెండూ ఒకే తీరుగా, ఎక్కడా పట్టకుండా తిరిగాయి. కొత్త బాల్ జాయింట్లు నిర్దోషులు. పిట్‌మన్ ఆర్మ్ నుంచి లింకు కూడా వేరుచేశాం. ఇప్పుడు మిగిలినవి బాక్సూ, పై షాఫ్టూ మాత్రమే. అయినా స్టీరింగు మధ్యలో పట్టేస్తున్నది. అటూ ఇటూ పోయాక వదులవుతున్నది.

ఇక్కడ చేతి అంచనా చాలదని స్ప్రింగు త్రాసు తెప్పించాను. స్టీరింగు వ్యాసార్ధం 20 సెంటీమీటర్లు. అంచుకు కొక్కెం తగిలించి లాగితే పక్కల 0.6 కిలో, మధ్యలో 3 కిలోలు చూపింది. బలాన్ని వ్యాసార్ధంతో గుణిస్తే మధ్యలో టార్కు సుమారు 6 న్యూటన్ మీటర్లు, పక్కల 1.2. పక్కల కంటే మధ్యలో ఐదు రెట్లు!

ఎందుకిలా? ఈ రకం బాక్సులో సెక్టరు పళ్లు సరిగ్గా మధ్యలోనే అతి దగ్గరగా కలిసేట్టు చేస్తారు, తిన్నని రోడ్డు మీద ప్లే లేకుండా ఉండాలని. స్క్రూ బిగిస్తే సెక్టరు ఇంకా లోపలికి జరిగి ముందుగా మధ్యలోనే పట్టేస్తుంది. బాక్సు బాగా అరిగి ఉంటే మధ్య భాగమే ఎక్కువ అరిగి ఉంటుంది. అప్పుడు బిగిస్తే పట్టేది పక్కల. అంటే మధ్యలో పట్టడమే బాక్సు బాగానే ఉందనడానికి సాక్ష్యం. అసలు ప్లే అంతా పాత టై రాడ్ ఎండ్లది. వాటిని మార్చగానే అది పోయింది. స్క్రూతో అవసరమే లేకపోయింది.

స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగంలో నిలిపాం. చెక్ నట్టు వదులు చేసి స్క్రూను కొంచెం కొంచెంగా వెనక్కి తిప్పుతూ, ప్రతిసారీ త్రాసుతో చూశాం. మధ్యలో 0.9 కిలో దగ్గర ఆపాం. అది ఆ బండి మాన్యువల్‌లో ఇచ్చిన హద్దులోనే ఉంది. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోయే వీలుంది గనుక దాన్ని పట్టి ఉంచి బిగించి, మళ్లీ కొలిచాం. నట్లన్నీ చెప్పిన టార్కుకు బిగించి, కొత్త స్ప్లిట్ పిన్నులు వేశాం. టై రాడ్ ఎండ్లు మార్చాక టో తప్పకుండా మారుతుంది కనుక వీల్ అలైన్‌మెంట్ చేయించాం. ఖాళీ బండిని మెల్లగా నడిపి, మలుపుల్లో స్టీరింగు దానంతటది వెనక్కి వస్తున్నదని చూసిన తరువాతే బాబాయి లోడు ఎక్కించారు. పంపూ బాక్సూ కొనే ఖర్చు తప్పింది.

విద్యార్థి మిత్రులు గమనించవలసినవి మూడు. ఒకేసారి నాలుగు భాగాలు ముట్టుకుంటే నాలుగూ అనుమానితులే, కాబట్టి వీలైనంతవరకు ఒక మార్పు, ఒక పరీక్ష. రెండు, గొలుసును మధ్యలో విడదీసి, లోపం ఏ సగంలో ఉందో తేల్చుకుంటూ పోవాలి. మూడు, చేతికి తోచినదాన్ని కొలిచి చూడాలి. మన ఫిజిక్సు లాబులో దుమ్ముపట్టి ఉన్న స్ప్రింగు త్రాసు కూడా అందుకు చాలు.