ఒక పాఠం ఏం చేసింది?

ఈసారి గోడపత్రికకు చరిత్ర మీద రాయమని సోషల్ సారు చెప్పారు. రాజుల గురించి అందరూ రాస్తారు. నేను ఆడవాళ్లు నడిపిన సారా వ్యతిరేక ఉద్యమం గురించి రాస్తున్నాను.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు ఉంది. 1990 తర్వాత ఆ జిల్లాలో పెద్దవాళ్లకు రాత్రిబడులు పెట్టారు. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టుకున్నారు. అక్షరాలతో పాటు తమ కష్టాలు కూడా చెప్పుకున్నారు. అందరి కష్టం ఒక్కటే అని అప్పుడు తెలిసింది. మగవాళ్ల కూలి డబ్బులు సారా కొట్టుకే పోతున్నాయి. ఇంట్లో గంజికి లేదు, పైగా దెబ్బలు.

వాళ్లంతా కలిసి పోయి ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఊరి కథనే 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా రాసి మిగతా రాత్రిబడుల్లో చదివించారు. చదివినవాళ్లు, వాళ్లు చేసింది మనమెందుకు చెయ్యలేం అనుకున్నారు. 1992లో ఊరూరా ఆడవాళ్లు లేచారు. సారా వేలంపాటలను అడ్డుకున్నారు. ప్రభుత్వానికి సారా మీద చాలా ఆదాయం వచ్చేది, కాంట్రాక్టర్లకు బలం ఉండేది. అయినా వాళ్లు వెనక్కి తగ్గలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యనిషేధం వచ్చింది. కానీ 1997లో దాన్ని సడలించారు.

దీంట్లో నేను నేర్చుకున్నవి:

1. ఇంటి గొడవ అనుకున్నది ఊరందరి గొడవ కావచ్చు. చెప్పుకుంటేనే తెలుస్తుంది.

2. చట్టం వస్తే పని అయిపోదు. దాన్ని కాపాడుకోవాలి.

3. చరిత్రలో ఒకరిద్దరి పేర్లే ఉంటాయి. పేరు రాయనివాళ్లు వేలమంది ఉన్నారు.

మా గూడెంలో భూమి పండగకు ఇప్పసారా దేవుళ్లకు పోస్తాం. అది మా పెద్దల ఆచారం. నేను చెప్పేది దాని గురించి కాదు, బెల్టు షాపు సీసాల గురించి. ఎండాకాలంలో అమ్మా నేనూ తునికాకు కోసి, కట్టలు కట్టి సంపాదించిన డబ్బులు నాన్న అక్కడే ఇచ్చేశాడు. ఎవరికీ చెప్పొద్దు, సిగ్గు అని అమ్మ అంది. ఇది గోడ మీద రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. దూబగుంట వాళ్లు కూడా సిగ్గుపడి ఊరుకుంటే ఆ పాఠమే ఉండేది కాదు కదా. అందుకే అమ్మను అడిగి రాశాను. నీ ఇష్టం అంది.

దసరా సెలవుల్లో అమ్మకు పలక మీద అక్షరాలు దిద్దించాను. "నాకెందుకే ఇప్పుడు? నువ్వు చదివితే చాలదా?" అంది. అంటూనే దిద్దింది. తన పేరులో రెండు అక్షరాలు వచ్చాయి. ఇంకొకటి రావాలి.

మీరు కూడా సెలవులకు పోయినప్పుడు మీ అమ్మనో అవ్వనో అడగండి. మన ఊళ్లో ఆడవాళ్లు కలిసి ఏదన్నా అడ్డుకున్నారా? ఎవరెవరు పోయారు? వాళ్ల పేర్లు రాసుకు రండి. వచ్చే గోడపత్రికలో వేద్దాం.

వార్డెన్ మేడం గారూ, సంక్రాంతికి మా అమ్మ నన్ను తీసుకుపోను వస్తుంది. రిజిస్టరు దగ్గర వేలిముద్రకు ఇంకు ప్యాడు ఇవ్వకండి. పెన్ను ఇవ్వండి. కొంచెం ఆలస్యం అవుతుంది.

తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని