బలము దేనిపై పనిచేయుచున్నది? (చలనశాస్త్ర పునశ్చరణము)

మా పాఠశాలలో చదువు ముగించి కళాశాలలో చేరిన విద్యార్థి యొకడు క్రిందటి వేసవిలో మమ్ము చూడవచ్చెను. విశ్వవిద్యాలయమువారి మొదటి సంవత్సర పరీక్షలో నతడు గణితమునను రసాయనశాస్త్రమునను ఉత్తీర్ణుడయ్యెను గాని భౌతికశాస్త్రమున తప్పెను. తప్పినదియు చలనశాస్త్ర భాగముననే. మరల పరీక్షకు కూర్చుండుటకు ఆరు వారములు మాత్రమే గడువుండెను. తండ్రి కౌలుసేద్యము చేయువాడు. ఇంకొక యేడు చదువు భారమును మోయుట ఆయన శక్తికి మించిన పని.

"అయ్యా, సూత్రములన్నియు నాకు కంఠస్థములే. ఎక్కడ తప్పుచున్నానో తెలియుట లేదు" అని యతడు చెప్పెను. అది నిజమే. న్యూటను నియమములు మూడింటిని తడుముకొనకుండ నప్పగించెను. అంతట మేము బల్లపై నొక పుస్తకము నుంచి, "ఈ పుస్తకపు భారమునకు ప్రతిచర్య యేది?" అని యడిగితిమి. "బల్ల పుస్తకమును పైకి నెట్టుచున్నది గదా, అదియే" అని వెంటనే బదులు చెప్పెను.

ఆ జవాబు తప్పు. అయితే ఆ తప్పు అతనిది మాత్రమే యనుటకు మాకు మనసొప్పలేదు. ఆ పాఠమును తొమ్మిదవ తరగతిలో నతనికి చెప్పినది మేమే. "ప్రతి చర్యకును సమానమును వ్యతిరేకమునైన ప్రతిచర్య కలదు" అని నల్లబల్లపై పెద్ద యక్షరములతో వ్రాసితిమి. చర్య యొక వస్తువుపైనను ప్రతిచర్య మరియొక వస్తువుపైనను పనిచేయునను ముఖ్యమైన మాటను మాత్రము వ్రాయమైతిమి. ఆ లోపమును కొంతవరకైనను తీర్చుకొనవలెనని యీ వ్యాసమును వ్రాయబూనితిమి. కళాశాలకు పోగోరువారును, పోయి తికమక పడుచున్నవారును దీనిని కాగితము, పెన్సిలు చేతబట్టుకొని చదువవలెనని మా కోరిక.

పుస్తకము ద్రవ్యరాశి 1 కిలోగ్రాము అనుకొందము. భూమి దానిని 9.8 న్యూటనుల బలముతో క్రిందికి లాగుచున్నది. దీనినే భారమందుము. లాగునది భూమి, లాగబడునది పుస్తకము. కావున దీని ప్రతిచర్యలో లాగునది పుస్తకము, లాగబడునది భూమి. అనగా పుస్తకము భూమిని 9.8 న్యూటనులతో పైకి లాగుచున్నది. ఇంత పెద్ద భూమిని ఒక పుస్తకము లాగుటయా యని నవ్వవలదు. లాగుచునే యున్నది. అయితే భూమి ద్రవ్యరాశి 6 పక్కన 24 సున్నలు చేర్చినన్ని కిలోగ్రాములు. అందుచే దాని త్వరణము లెక్కకు రానంత స్వల్పము.

బల్ల పుస్తకమును పైకి నెట్టు బలము వేరొక జంటకు చెందినది. దాని జత పుస్తకము బల్లను క్రిందికి నొక్కుట. ఈ రెండు జంటలను వేరుపరచుటకు సులభమైన పరీక్ష కలదు. జంటలో నొకటి పోయిన రెండవదియు తత్క్షణమే పోవలెను. బల్లను చటుక్కున తీసివేసినచో బల్ల నెట్టుట పోవును. పుస్తకము బల్లను నొక్కుటయు పోవును. పుస్తకపు భారము పోయినదా? పోలేదు, అందుచేతనే గదా పుస్తకము నేలబడుచున్నది. కాబట్టి భారమును బల్ల నెట్టుటయు జంట కావు.

మరి ఆ రెండును సమానముగ నుండుటకు కారణమేమి? పుస్తకము కదలక యుండుటయే కారణము. త్వరణము లేని వస్తువుపై పనిచేయు బలముల మొత్తము సున్న కావలెనని రెండవ నియమము చెప్పుచున్నది. మూడవ నియమమునకు ఇందులో పనిలేదు. పుస్తకము క్రింద అరచేయి యుంచి హఠాత్తుగా పైకెత్తి చూడుడు. ఆ క్షణమున చేయి పుస్తకమును నెట్టు బలము భారమును మించును. అప్పుడును చేయి పుస్తకమును ఎంత నెట్టుచున్నదో పుస్తకమును చేతిని అంతే నొక్కుచున్నది.

ఇంతవరకు అతడు ఒప్పుకొనెను. పిమ్మట నతడడిగిన ప్రశ్న తరతరములుగా విద్యార్థు లడుగుచున్నదే. "ఎద్దులు బండిని ముందుకు లాగుచున్నవి. బండి యెద్దులను అంతే బలముతో వెనుకకు లాగుచున్నది. రెండును సరిపోయినప్పుడు బండి యెట్లు కదలును?" న్యూటను 1687లో ప్రకటించిన లాటిను గ్రంథము ప్రిన్సిపియాలో మూడవ నియమమునకు చెప్పిన యుదాహరణములలో త్రాటితో రాతిని లాగు గుఱ్ఱము ఒకటి. మన విద్యార్థికి ఎద్దుబండియే మేలు.

లెక్క వేసి చూతము. జత యెద్దుల ద్రవ్యరాశి 800 కిలోగ్రాములు, బరువెత్తిన బండి 1200 కిలోగ్రాములు అనుకొందము. చక్రములకు కలుగు నిరోధము 400 న్యూటనులు. కాడి నుండి బండికి తగులు లాగుడు 1000 న్యూటనులు. ఇప్పుడు బండి నొక్కదానినే కాగితముపై గీయవలెను, ఎద్దులను గీయరాదు. బండిపై ముందుకు 1000, వెనుకకు 400. మిగిలినది 600 న్యూటనులు. దానిని 1200 చేత భాగింపగా త్వరణము సెకనుకు సెకనుకు అర మీటరు. బండి యెద్దులను వెనుకకు లాగుచున్న 1000 న్యూటనులు ఈ పటములోనికి రానేరావు. అవి బండిపై పనిచేయుట లేదు గదా!

ఇప్పుడు ఎద్దులను వేరుగ గీయుదము. బండి వాటిని 1000 న్యూటనులతో వెనుకకు లాగుచున్నది. అయినను అవియు అదే అర మీటరు త్వరణముతో ముందుకు పోవుచున్నవి. 800ను అర చేత గుణింపగా 400. కావున వాటిని ముందుకు నెట్టునది 1400 న్యూటనులుండి తీరవలెను. ఆ నెట్టునది యెవరు? నేల! ఎద్దులు గిట్టలతో నేలను వెనుకకు త్రోయును. నేల వాటిని ముందుకు త్రోయును. వానకు నానిన రేగడి నేలలో ఎంత బలిష్ఠమైన యెద్దులైనను బండిని కదల్పలేక జారుట ఏ రైతునకు తెలియదు? అచ్చట తక్కువైనది ఎద్దుల బలము కాదు, నేల ఇయ్యవలసిన రాపిడి. ఈ మాట వినగానే ఆ విద్యార్థి, "మా నాయన దీనిని నాకంటె ముందే యెఱుగును" అని నవ్వెను. తండ్రులు పొలమున నేర్చినదానిని కుమారులు పరీక్షలో వ్రాయలేకపోవుట మాకును చింత కలిగించినది.

బండి కొంత దూరము పోయి ఒకే వేగముతో నడచుచున్నదనుకొందము. నిరోధము మునుపటివలెనే 400 న్యూటనులైన, కాడి లాగుడును ఇప్పుడు సరిగా 400 మాత్రమే. త్వరణము లేదు గనుక మిగులు బలమును లేదు. ఇచ్చటనే మొదటి నియమమును గూర్చిన పొరపాటు బయలుదేరును. "కదలుచున్నది గనుక ముందుకు లాగు బలము కొంచెమైనను ఎక్కువ ఉండవలెను గదా" యని మనస్సు మొరాయించును. కదలికకు ఎల్లప్పుడు త్రోయువాడుండవలెనని అరిస్టాటిలు తలచెను; ఆయన మాట సుమారు రెండు వేల యేండ్లు చెల్లినది. మనలో ననేకులము నేటికిని లోలోపల ఆయన శిష్యులమే.

ఆ పట్టును సడలించినవారిలో ముఖ్యుడు ఇటలీ దేశస్థుడు గెలీలియో. ఆయన 1638లో ప్రకటించిన గ్రంథములో వాలుపలకపై కంచుగుండును దొర్లించి, పాత్రనుండి కారిన నీటిని తూచి కాలమును కొలిచిన విధమును వివరించెను. గడియారములు చాలని కాలమున అది గొప్ప యుపాయము. పోయిన దూరము కాలపు వర్గము ననుసరించి పెరుగునని ఆయన కనుగొనెను. ఇంకొకటియు నూహించెను. ఒక వాలున దిగిన గుండు ఎదుటి వాలును దాదాపు మొదటి యెత్తువరకు ఎక్కును. ఎదుటి వాలును తగ్గించిన కొలదియు గుండు అంత యెత్తునకు చేరుటకు మరింత దూరము పోవలెను. వాలు పూర్తిగ పోయి చదునైనచో? రాపిడి లేకుండిన అది యాగుటకు కారణమే లేదు. బలము కావలసినది కదలుటకు కాదు, కదలికను మార్చుటకు.

పడు వస్తువులన్నిటికి త్వరణ మొక్కటే యన్న ఆయన మాటను 1971లో అపోలో 15 యాత్రికుడు డేవిడ్ స్కాట్ చంద్రునిపై సుత్తిని, పక్షియీకను ఒక్కసారి విడిచి చూపించెను. అచ్చట గాలి లేదు గనుక రెండును కలిసియే నేల చేరినవి.

పైకి విసరిన రాతిని గూర్చిన ప్రశ్న పరీక్షలలో తరచుగ కనబడును. సెకనుకు 19.6 మీటర్ల వేగముతో నిట్టనిలువుగ విసరిన రాయి 2 సెకనులలో 19.6 మీటర్ల యెత్తు చేరును. శిఖరమున దాని వేగము సున్న. త్వరణమో? పదుగురిలో ఏడెనిమిదిమంది సున్నయనియే మాతో చెప్పుదురు. త్వరణమును సున్నయైనచో రాయి ఆకాశముననే వ్రేలాడుచుండవలెను! వేగము మారుచునే యున్నది. ఒక క్షణము ముందు పైకి, ఒక క్షణము పిమ్మట క్రిందికి. కాబట్టి శిఖరమునను త్వరణము 9.8 మీటర్లే, క్రిందివైపునకే. (మా పెద్దలు చదివిన పుస్తకములలో ఇది 32 అడుగులని యుండెడిది. లెక్క యొకటే, కొలత వేరు.)

ద్రవ్యరాశికిని భారమునకును గల భేదమును అందఱును వ్రాయుదురు గాని, లిఫ్టు లెక్క రాగానే మరతురు. 50 కిలోగ్రాముల బాలుడు లిఫ్టులో త్రాసుపై నిలిచెను. లిఫ్టు 2 మీటర్ల త్వరణముతో పైకి బయలుదేరినప్పుడు త్రాసు అతనిని నెట్టు బలము 590 న్యూటనులు; సమవేగముతో పోవునప్పుడు 490; పై అంతస్తు సమీపించి అదే ప్రమాణమున నెమ్మదించునప్పుడు 390. ఈ మూడు సమయములందును అతని ద్రవ్యరాశి గాని, భూమి లాగుడు గాని మారలేదు. మారినది త్రాసు నెట్టుడు మాత్రమే. పైకి పోవుచున్నను త్రాసు తక్కువ చూపవచ్చునని గమనింపుడు. దిక్కు చూడవలసినది వేగమునకు కాదు, త్వరణమునకు.

2023 జులై 14న శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 నౌకను గొనిపోయిన రాకెట్టును మనలో చాలమంది తెరపై చూచియుందురు. దాని ద్రవ్యరాశి సుమారు 640 టన్నులు. అనగా భారము దాదాపు 62 లక్షల 72 వేల న్యూటనులు. నేల విడుచుటకే అంతకు మించిన నెట్టుడు కావలెను. "వెనుకనున్న గాలిని తన్ని పైకి పోవును" అని వ్రాసినవారికి మార్కులు రావు. రాకెట్టు మండిన వాయువులను క్రిందికి నెట్టును, ఆ వాయువులు రాకెట్టును పైకి నెట్టును. గాలి యవసరమే లేదు. గాలి లేని చంద్రునిపై పారాచూటు పనికిరాదు గనుక, ఆగస్టు 23న దిగిన విక్రం తన యింజనులను మండించియే వేగమును తగ్గించుకొనెను.

వృత్తమున తిరుగు వస్తువును గూర్చి ఒక్క మాట. దావీదు వడిసెల కథ మన పిల్లలకు కంఠస్థమే. తిప్పునప్పుడు రాయిపై త్రాడు చూపు బలము లోపలికి, చేతివైపునకే. చేతికి బయటికి లాగినట్లు తోచుట నిజమే. అయితే అది చేతిపై పనిచేయు బలము, రాతిపై కాదు. విడిచిన రాయి వ్యాసార్ధము వెంబడి బయటికి పోదు, స్పర్శరేఖ వెంబడి పోవును. గురి తప్పని వాడు ఈ సంగతిని చేతితో నెఱిగినవాడే.

పని, శక్తి, ద్రవ్యవేగములను గూర్చి విస్తరింప స్థలము చాలదు. నీళ్ళబిందె తలపై నుంచుకొని చదును నేలపై సమవేగముతో నడచు స్త్రీ బిందెపై ఆధారబలముచే చేసిన పని శాస్త్రరీత్యా సున్నయని మాత్రము జ్ఞాపకముంచుకొనవలెను. బలము పైకి, నడక అడ్డముగ. ఆమె అలసటను శాస్త్రము కాదనుట లేదు. "పని" యను మాటను ఇచ్చట వేరొక యర్థమున వాడుచున్నది.

ఆ ఆరు వారములు ఆ విద్యార్థి దినమున కొక లెక్క చేసెను, ఒక్కటే. అయితే సూత్రము వ్రాయుటకు ముందు ప్రతి పటములోను ఒక్క వస్తువునే గీసి, దానిపై పనిచేయు ప్రతి బలమునకు ప్రక్కన "ఎవరు, దేనిపై" అని వ్రాయవలెనని నియమము పెట్టితిమి. ఎవరు చూపుచున్నారో చెప్పలేని బలమును కొట్టివేయవలెను. మొదటి వారమున పది బలములు గీసి ఆరింటిని కొట్టివేసెను. చివరి వారమున కొట్టివేయవలసినవి లేకపోయెను. రెండవసారి పరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. మార్కులు గొప్పవి కావుగాని చదువు నిలిచినది.

పోవుచు నతడు మాకొక లెక్క యిచ్చి పోయెను. బల్లకు రెండు కొసల రెండు కప్పీలు. నడుమ పడుకొనబెట్టిన స్ప్రింగు త్రాసు. దాని రెండు కొనలకును కట్టిన దారములు కప్పీల మీదుగ దిగి, ఒక్కొక్కటి 1 కిలోగ్రాము గుండును మోయుచున్నవి. త్రాసు చూపునది సున్నయా, 9.8 న్యూటనులా, 19.6 న్యూటనులా? దీనిని ప్రయోగశాలలో కిటికీ ప్రక్కనున్న బల్లపై అమర్చి, త్రాసు ముఖమును గుడ్డతో కప్పియుంచితిమి. పటము గీసి, బలములకు పేరులు వ్రాసి తెచ్చినవారు గుడ్డ తొలగించి చూచుకొనవచ్చును.