రంగుల నమూనా అట్టలు - గ్రామ జ్ఞాపకముల పుస్తకము

పాఠశాల గోడలకు రంగు వేయింపదలచినపుడు పంచాయతీ సభ్యులు పట్టణములోని రంగుల దుకాణమునకు పోవుట సహజము. అక్కడ దుకాణదారుడు ముందుగా చేతికిచ్చునది రంగు డబ్బా కాదు; చిన్న చిన్న రంగుగళ్లు వరుసగా అమర్చిన ఒక అట్ట. దీనినే షేడ్ కార్డు అందురు. గోడ రంగు తేలిపోయిన పిమ్మట ఆ అట్ట కార్యాలయపు బల్లసొరుగులో చేరి, కొన్నాళ్లకు చెత్తలోనికి పోవును. కంపెనీలు రంగుల వరుసలను మార్చినప్పుడెల్ల దుకాణములలో పాత అట్టలు మిగిలిపోవుచుండును. దళసరి కాగితము, నిండైన రంగు, సమముగా కోసిన అంచులు గల ఈ వస్తువు కాగితపు పనులకు ఎంతయో అక్కరకు వచ్చును. దీనితో ఊరికి ఉపయోగపడు ఒక పుస్తకమును ఎట్లు తయారుచేయవచ్చునో, ఎక్కడ జాగ్రత్తపడవలెనో ఈ వ్యాసమున తెలుపుచున్నాము.

రంగును మాటలలో చెప్పుట కష్టము. చిలకపచ్చ అన్నచో ఒకరి మనస్సునకు ఒక పచ్చ, వేరొకరికి మరియొక పచ్చ తోచును. ఈ చిక్కు తీర్చుటకే నమూనాలు పుట్టినవి. 1814లో ఎడింబరో నగరమునందలి పాట్రిక్ సైమ్ అను పుష్పచిత్రకారుడు, జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడైన వెర్నర్ ఏర్పరచిన పేర్లను ఆధారముగా గొని, 108 రంగుల నమూనాలతో ఒక పుస్తకము ప్రకటించెను. ఒక్కొక్క రంగు ఏ జంతువునందు, ఏ మొక్కయందు, ఏ ఖనిజమునందు కానవచ్చునో దాని ప్రక్కనే వ్రాసెను. 1831లో బీగిల్ నౌకపై బయలుదేరిన చార్లెస్ డార్విన్ ఈ పుస్తకమును వెంట గొనిపోయెను. మన రైతులకును ఇట్టి సాధనము పూర్తిగా క్రొత్తది కాదు. వరి ఆకును పచ్చని గళ్ల పట్టీతో సరిపోల్చి, నత్రజని ఎరువు వేయు అదను తెలిసికొను లీఫ్ కలర్ చార్టును చూచినవారు మన గ్రామములలో ఉన్నారు. రంగుల దుకాణపు అట్టయు ఆ జాతిలోనిదే.

అట్టలు రెండు విధములు. కొన్నింటిపై నిజమైన లక్క వంటి రంగుపూత పూయబడి యుండును. మరికొన్ని ముద్రణాలయమున అచ్చువేసినవి. భూతద్దముతో చూచినచో అచ్చువేసిన వానియందు సన్నని చుక్కలు కనబడును. పూత పూసిన వానియందు చుక్కలుండవు, మడచినచో పూత పగులును. ఈ భేదము ముందు ముందు అవసరమగును.

ఇంగ్లండు, అమెరికా దేశములలో 19వ శతాబ్దమునుండియు పత్రికల ముక్కలు, రంగుబొమ్మలు, ఉత్తరములు అతికించి దాచుకొను పుస్తకముల అలవాటు ప్రబలినది. దీనిని స్క్రాప్‌బుక్ అందురు. ప్రసిద్ధ రచయిత మార్క్ ట్వేన్ ముందే జిగురు పూసియుంచిన పుటలతో ఇట్టి పుస్తకమును కల్పించి 1873లో పేటెంటు సైతము పొందెను. తడిపి అతికించుటయే తరువాయి. అక్కడ నేటికిని కుటుంబ ఛాయాచిత్రముల పుస్తకములు కూర్చుకొనువారు రంగుల అట్టలను చట్రములుగాను, పేరుచీటీలుగాను, పువ్వులుగాను కత్తిరించి వాడుచున్నారు. వారికది ఇంటి వేడుక. మన పంచాయతీలకు అంతకంటె అవసరమైన పని యొకటి ఉన్నది.

ఈ వ్యాసకర్త ఒక గ్రామమున పంచాయతీ కార్యాలయములో ఒక పాత ఛాయాచిత్రమును చూచుట తటస్థించినది. చెరువుకట్ట తెగినపుడు దానిని తిరిగి పోసిన సుమారు ముప్పదిమంది, పారలతోను తట్టలతోను నిలుచున్న చిత్రమది. ఎవరో అభిమానముతో దానిని నీలిరంగు నమూనా అట్టపై గంజితో అతికించి గోడకు తగిలించిరి. రెండు వానకాలములు గడచునప్పటికి అట్ట ఉబ్బి, బొమ్మ వంకరపోయి, ఎడమవైపున నున్నవారి ముఖములు పొరలుగా లేచిపోయినవి. ఎవరి పేరును వ్రాసి యుండలేదు. ఊరిలో ఒక ముసలమ్మను పిలిపింపగా ఆమె వ్రేలుపెట్టి చూపుచు, "ఆ తలపాగా ఆయన మా మామగారు బాబూ. పక్కనున్నది అప్పటి నీరుకట్టు. పేరు నోట్లో ఆడుతోంది గాని రావటంలేదు" అన్నది. మరుసటి సంవత్సరము పోయినపుడు ఆమె లేదు. నీరుకట్టు పేరు చెప్పగలవారు ఆ ఊరిలో మరెవ్వరును కనబడలేదు.

ఇట్టి చిత్రములు ప్రతి గ్రామమునను పెట్టెలలో, గోడలపై ఉన్నవి. బడి తెరచిన దినము, మొదటి బోరుబావి, తుపాను తరువాతి వీధి, విద్యుద్దీపములు వెలిగిన రాత్రి - వీనినన్నిటిని ఒక పుస్తకముగా కూర్చవలెను. అందుకు రంగుల అట్టలు అలంకారముగానే గాక, సూచికగాను ఉపయోగపడును. ఒక పొడుగాటి అట్టపై ఒకే రంగు ముదురునుండి లేతకు ఐదారు గళ్లుగా ఉండును గదా. ఒక రంగును ఒక విషయమునకు కేటాయింపుడు. నీలము నీటి వనరులకు, ఆకుపచ్చ వ్యవసాయమునకు, పసుపు పాఠశాలకు, కుంకుమరంగు ఉత్సవములకు అనుకొందము. అందు మిక్కిలి ముదురు గడిని 1950 మొదలు గల పది సంవత్సరములకు, దాని తరువాతి గడిని 1960 మొదలు గల వానికి, ఇట్లే లేతదనము వైపు నడిపింపవచ్చును. గళ్లు చాలనిచో అదే రంగులో రెండవ అట్ట కలుపుకొనవలెను. గడిని కత్తిరించి పుట అంచున అర అంగుళము బయటికి వచ్చునట్లు అతికించినచో, పుస్తకము మూసియుండగనే చెరువు సంగతి ఎక్కడ, ఏ కాలమునది ఎక్కడ అనునది కంటికి తెలియును. చదువురాని వృద్ధులును తమ పుటను తామే తీయగలరు.

అయితే అట్టను ఛాయాచిత్రమునకు తగులనీయరాదు. పూతలోని పదార్థములు, చవుక కాగితములోని ఆమ్లము కాలక్రమమున చిత్రమును పసుపుబార్చును. కావున చిత్రమును మంచి తెల్లని దళసరి కాగితముపై నుంచి, రంగు అట్టను దానికి అర అంగుళము దూరముగా అంచుపట్టీ వలె మాత్రమే వాడవలెను. చిత్రము వెనుక జిగురు పూయకుండ నిలుపుటకు మూలపట్టీలు చేసికొనవచ్చును. 2 అంగుళముల పొడవు, 1 అంగుళము వెడల్పు గల తెల్లకాగితపు ముక్కను తీసికొని, పైయంచున సరిగా నడుమను గుర్తు పెట్టి, అక్కడనుండి రెండు పై మూలలను క్రిందియంచు నడిమికి మడువవలెను. త్రికోణపు సంచి యేర్పడును. నాలుగు సంచులను చిత్రపు నాలుగు మూలలకు తొడిగి, సంచుల వెనుకవైపునకు మాత్రమే జిగురు రాచి పుటపై నొక్కవలెను. ఎప్పుడు కావలసినను చిత్రమును చెడకుండ వెలికి తీయవచ్చును. పైన చెప్పిన చెరువుకట్ట చిత్రమునకు ఈ నాలుగు సంచులే ఉండియున్నచో సగము ముఖములు పోయెడివి కావు.

పేర్ల విషయమున అశ్రద్ధ పనికిరాదు. చిత్రముపై పలుచని కాగితముంచి, తలల ఆకారములను మాత్రము పెన్సిలుతో మెల్లగా గీసి, ఒక్కొక్క తలకు ఒక అంకె వేసి, ఆ అంకెల క్రమమున పేరు, ఇంటిపేరు, చేయుచుండిన పని వ్రాసి ప్రక్కపుటలో అతికింపవలెను. చెప్పినవారి పేరును, చెప్పిన తేదీని గూడ వ్రాయుట మంచిది. ఇద్దరు వృద్ధులు రెండు విధములుగా చెప్పినచో రెండును వ్రాయుడు. నునుపైన రంగుగడిపై సిరా నిలువదు, చేయి తగులగానే అలుకుకొనిపోవును. కావున పేరుచీటీలకు అట్ట వెనుకవైపు వాడవలెను.

జిగురు సంగతి. నునుపు పూతపై మైదాపిండి జిగురు పట్టదు. అతుకవలసిన వైపును గరుకు కాగితముతో కొంచెము రాచినచో పట్టును. మన కొండపల్లి పనివారు చింతపిక్కల పిండిని రంపపు పొట్టుతో కలిపి మక్కు చేసి బొమ్మల అతుకులకు వాడుచుందురు. చింతపిక్కల జిగురు అట్టలకును బాగుగనే పట్టును. పురుగు రాకుండ జిగురులో మైలతుత్తము కలుపు పాత అలవాటు ఉన్నది. అది విషము, పిల్లలు చేతులు పెట్టు పనిలో ఎంతమాత్రము కలుపరాదు. ఏ పూటకు కావలసిన జిగురు ఆ పూటనే ఉడికించుకొనుట మేలు.

పిల్లల మాట వచ్చినది గనుక మరియొక హెచ్చరిక. ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని భారత ప్రభుత్వము 2016లో నిబంధనలు చేసినది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. అంతకు ముందటి పూత అట్టలు ఎట్టివో మనము చూచి చెప్పలేము. అందుచేత మిక్కిలి పాతవానిని, పూత పెచ్చులూడుచున్న వానిని పారవేయవలెను. ఏ వస్తువునైనను నోట పెట్టుకొను చంటిపిల్లల చేతికి ఏ అట్టయు ఇయ్యరాదు. పాఠశాల పిల్లలు పని ముగియగనే చేతులు కడుగుకొనవలెను. గరుకు కాగితముతో రాచు పని పెద్దలే ఆరుబయట చేయవలెను.

మిగిలిన ముక్కలతో బడిపిల్లలు పుస్తకములలో గుర్తు పెట్టుకొను పట్టీలు, లెక్కల చీటీలు, జాతీయ పండుగలకు తోరణములు చేయుదురు. ఒకే రంగు గళ్లను విడదీసి కలగాపులగము చేసి, ముదురునుండి లేతకు తిరిగి పేర్చుమనుట మంచి ఆట. ఒకమారు పగటి వెలుతురులోను, మరొకమారు ట్యూబులైటు క్రిందను పేర్పించినచో, కొన్ని రంగులు వెలుతురును బట్టి మారినట్లు కనబడుట వారే కనిపెట్టుదురు. గోడరంగు ఎంపికలో పెద్దలు గూడ ఈ పాఠమును మరచుచుందురు. దుకాణపు దీపము క్రింద లేతగా తోచిన రంగు గోడనిండ వేసిన పిమ్మట కంటికి గాఢముగా కొట్టవచ్చునట్లు కనబడుట మనలో పలువురకు అనుభవమే.

అట్టల సేకరణలో మర్యాద పాటింపవలెను. అవి కొనుగోలుదారుల కొరకు ఉంచినవి గాని, ఉచితముగా పంచు కాగితములు కావు. క్రొత్తవానిని గుప్పెళ్లతో తీసికొనివచ్చుట తగదు. పంచాయతీకి రంగు కొన్న దినమున, వాడుక తీరిన పాత అట్టలున్నచో బడికి ఇప్పింపుడని దుకాణదారుని అడుగవలెను. తరచుగా సంతోషముతోనే ఇత్తురు.

వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము పాత పత్రికలను భద్రపరచుటచే, దూరప్రాంతముల పరిశోధకులు వాని కొరకు అచ్చటికి పోవుచున్నారు. మన పుస్తకమునకు అంత పెద్ద భవనము అక్కరలేదు. బయటి గోడకు ఆనని ఇనుప బీరువాలో ఒక అర చాలును. పుస్తకము ఎవరి అధీనమున ఉండునో పంచాయతీ సమావేశమున తీర్మానించి, మినిట్సు పుస్తకములో వ్రాయింపవలెను. ఇండ్లవారు చిత్రమును వదలుకొన ఇష్టపడనిచో బలవంతపెట్టక, నకలు తీయించుకొని అసలును అదే దినమున తిరిగి యిచ్చివేయవలెను. పూర్తియైన ప్రతి పుటను చేతిఫోనుతో చిత్రము తీసి వేరొకచోట దాచవలెను. వానకాలము వెళ్లగనే ఒక ఎండపూట పుస్తకమును నీడపట్టున తెరచి, పుట పుటకు గాలి తగులనిచ్చి, పురుగు చేరినదేమో చూచి మరల బీరువాలో పెట్టవలెను.