బల్బు ఎంత కరెంటు తాగుతోంది? మీటరునే అడుగుదాం

2014లో పాత బల్బు తీసుకుని పది రూపాయలకు ఎల్‌ఈడీ ఇచ్చిన జిల్లాల్లో మన పక్కనున్న అనంతపురం ఒకటి. అయినా కర్నూలు, కడప వైపు పాత మిద్దెల్లో, పశువుల కొట్టాల్లో ఫిలమెంటు బల్బులు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. డబ్బా మీది మాటలు పక్కనపెట్టి, ఏ బల్బు ఎంత తాగుతుందో మనమే లెక్కపెడదాం.

కావలసినవి

60 వాట్ల ఫిలమెంటు బల్బు, 15 వాట్ల సీఎఫ్‌ఎల్, 9 వాట్ల ఎల్‌ఈడీలు, గడియారం, కాగితం. మీటరు దగ్గర నిలబడి లెక్కపెట్టే మనిషి ఒకరు.

పద్ధతి

1. మీటరు మీద మినుకుమనే చిన్న ఎర్రదీపాన్ని వెతుకుదాం. యూనిట్‌కు ఎన్ని మినుకులో దాని దగ్గరే రాసి ఉంటుంది. ఇక్కడ 3200 అనుకుందాం. సీలు జోలికి మాత్రం పోవద్దు.

2. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, చార్జర్లు అన్నీ ఆపుదాం. మినుకులు ఆగలేదంటే ఏదో మరిచిపోయినట్టే. చాలాసార్లు అది ఇన్వర్టరే.

3. ఫిలమెంటు బల్బు వేసి, ఒక మినుకు పడగానే టైము చూసుకుందాం. పది నిమిషాల్లో 32 మినుకులు రావాలి. వచ్చిన సంఖ్యను 6000తో గుణించి, మీటరు మీది సంఖ్యతో భాగిస్తే వాట్లు తెలుస్తాయి.

4. స్విచ్ ఆపి, బల్బు చల్లారాకే మార్చుదాం. సీఎఫ్‌ఎల్‌కు 8 వస్తాయి.

5. ఎల్‌ఈడీకి 5 లోపే. ఇంత చిన్న లోడును కొన్ని మీటర్లు సరిగా పట్టించుకోవు. అందుకని ఒకే రకం ఎల్‌ఈడీలు నాలుగు వెలిగించి, వచ్చిన వాట్లను నాలుగుతో భాగిద్దాం.

రోజుకు 5 గంటల చొప్పున నెలకు ఫిలమెంటుకు 9 యూనిట్లు, సీఎఫ్‌ఎల్‌కు 2.25, ఎల్‌ఈడీకి 1.35.

జరిగే పొరపాట్లు

ఇన్వర్టర్ లైనులోని హోల్డరులో పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. బల్బు బ్యాటరీ మీద వెలుగుతుంటే మీటరుకు ఆ సంగతే తెలియదు.

వాట్లు చూసి వెలుగును అంచనా వేయొద్దు. వెలుగును చెప్పేవి ల్యూమెన్లు. నల్ల కడప బండలు పరిచిన గది వెలుగును మింగేస్తుంది కాబట్టి అక్కడ ఎక్కువ ల్యూమెన్లున్నది కొనాలి.

ఎల్‌ఈడీని మూసిన గాజు డోములో బిగించొద్దు. మన మే నెల ఎండకు లోపలి సర్క్యూట్ త్వరగా చెడిపోతుంది. ఫిలమెంటు బల్బు సంగతి వేరు, అది తాగే కరెంటులో అధికభాగం వేడిగానే పోతుంది, ఆ వేడిని తోలడానికి మళ్లీ ఫ్యాను!

ముందుగా మార్చాల్సింది వరండాలో రాత్రంతా వెలిగే బల్బును. సామాన్ల గదిలో ఐదు నిమిషాలు వెలిగేది మాడిపోయేదాకా ఉండనివ్వండి.