బోరు నీళ్లకు గీజరు తట్టుకోవాలంటే…

ప్రశ్న: మాది హైదరాబాద్. బోరు నీళ్లే వాడతాం. పాత గీజరు ట్యాంకు నాలుగేళ్లకే కారిపోయింది. కొత్తది ఎక్కువ కాలం మన్నాలంటే ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి హీటింగ్ ఎలిమెంటు మీద తెల్లటి పొరలా పేరుకుంటాయి. అప్పుడు నీళ్లలోకి వేడి సరిగా చేరక ఎలిమెంటు మాడిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పొర త్వరగా కడుతుంది. అందుకే థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలు దాటనివ్వకండి.

ట్యాంకుకు అసలు రక్ష, లోపలుండే మెగ్నీషియం కడ్డీ. దీన్ని యానోడ్ రాడ్ అంటారు. ఉక్కు ట్యాంకు తుప్పు పట్టకుండా తానే కరిగిపోతుంది. అది పూర్తిగా అరిగాక తుప్పు ట్యాంకును పట్టుకుంటుంది. మీ నీళ్లకైతే ఏడాదికోసారి ఈ కడ్డీని మెకానిక్‌తో విప్పించి చూడండి. లోపలి తీగ బయటపడితే వెంటనే మార్పించండి. అప్పుడే ఎలిమెంటు మీది పొర తీయించి, ట్యాంకు అడుగున చేరిన మడ్డి కడిగించండి.

సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని దాన్ని ఎప్పుడూ మూసేయకండి. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే పేలే ప్రమాదం ఉంది. ఎర్తింగు సరిగా ఉందో లేదో తప్పక పరీక్ష చేయించండి. అవసరమైనప్పుడే స్విచ్ వేసి, స్నానానికి ముందే ఆపేయండి.