పాత ఫైబరు పడవకూ గాలి కావాలి

గోదావరిలో, సముద్రంలో ఫైబర్ గ్లాసు పడవలు తిరగడం మనకు తెలుసు. పాతబడిన పడవను బాగుచేయాలంటే రంగు వేస్తే సరిపోద్ది అనుకుంటాం. కాని రంగు కంటే ముందు లోపలి గాలి సంగతి చూడాలి. ఎందుకో నేను నేర్చుకున్నంత రాస్తున్నాను.

బిల్జ్ అంటే ఏమిటి?
పడవలో కాళ్ల కింది పలకలకు దిగువన, అన్నిటికంటే లోతుగా ఉండే ఖాళీని బిల్జ్ అంటారు. వాన నీళ్లు, కారిన నూనె అన్నీ అక్కడికే చేరతాయి. మూసి ఉంచితే గాలి ఆడదు.

తేమ
గాజు పోగులకు రెజిన్ అనే జిగురు పట్టించి ఫైబర్ గ్లాసు చేస్తారు. అది కుళ్లదు, చెద పట్టదు. కాని చాలా పడవల్లో బలం కోసం లోపల చెక్క, ప్లైవుడ్ పెట్టి పైన ఫైబరు వేస్తారు. బోల్టు రంధ్రంలోంచి నీళ్లు దిగితే ఆ చెక్క కుళ్లిపోద్ది. బయటికి ఏమీ కనబడదు. కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు చిన్న సుత్తితో తట్టాలి. ఖంగుమంటే మంచిది, దబ్బుమంటే అనుమానించాలి. పడవను వానకు తడవకుండా కప్పి, మూతలన్నీ తీసి, బాగా ఆరాకే కొత్త ఫైబరు వేయాలి. తడి మీద వేస్తే అది సరిగా అంటుకోదు.

పెట్రోలు ఆవిరి
ఇది గాలి కంటే 3, 4 రెట్లు బరువు. పైకి పోదు, నీళ్లలాగా జారి బిల్జ్‌లో కూర్చుంటది. 100 వంతుల్లో సుమారు ఒకటిన్నర వంతు ఉన్నా చాలు, స్విచ్చి రవ్వకే పేలుద్ది. అందుకే లోపల పెట్రోలు ఇంజను ఉన్న పడవకు రెండు గొట్టాలు కావాలి. ఒకటి బయటి గాలి తెస్తది. రెండోది ఫ్యానుతో ఆవిరిని లాగి బయటికి పంపుతది. దాని మూతి బిల్జ్ అడుగు దగ్గర ఉండాలి, కాని నీళ్లలో మునగకూడదు. ఫ్యాను రవ్వలు రానిదై ఉండాలి. ఇంజను వేసే ముందు 4 నిమిషాలు ఫ్యాను తిప్పి, వాసన కూడా చూడాలి. అమెరికాలో 1980 ఆగస్టు 1 నుంచి కట్టిన ఇలాంటి పడవలకు ఫ్యాను తప్పనిసరి చేశారు. అంతకు ముందువాటికి లేకపోతే బాగుచేసేటప్పుడే పెట్టాలి.

రెజిన్ ఆవిరి కూడా బరువైనదే. లోపలికి దిగి పనిచేసే కూలీ ఒక్కడే ఉండకూడదు. పైన ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి. కూలి డబ్బులు మళ్లీ వస్తాయి, ప్రాణం రాదు.

మనకేం పని?
వంట గ్యాసు కూడా గాలి కంటే బరువే. వాసన వస్తే లైటు వేయకూడదు, ఆపకూడదు. తలుపులు తీసి బయటికి రావాలి. వార్డెన్ మేడం గారికి నా మనవి: వంటగది గోడకు కింద ఉండే గాలి రంధ్రాలకు బియ్యం బస్తాలు అడ్డం పెట్టనీయకండి.

ఆలోచించండి: ఫ్యాను గొట్టం మూతిని బిల్జ్ పైభాగంలో పెడితే ఏమవుద్ది? జవాబు రాసి ఈ కాగితం కింద అంటించండి.

— 9వ తరగతి విద్యార్థిని